ఛాతీ మీద రెండు చేతులు

లాండ్రీలో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. ఆమె భర్త అక్కడ మెకానిక్. ఆయన్ని చిన్నా పెద్దా అంతా అన్న అనడంతో, పనిలో చేరిన మొదటి రోజే ఆమెకు వదిన పదవి ఖాయమైపోయింది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన బాయిలరు మనిషి కూడా వదినా అనేవాడు. "నీకు నేను వదినేంటి బాబాయ్, వరస తప్పుతోంది" అని మొదట్లో నవ్వేది. పోనుపోను అదే పేరయింది. అన్న పోయాక కూడా ఆ పిలుపు పోలేదు. అన్న లేని వదిన ఏమిటని ఎవరికీ తట్టలేదు, ఆమెకు తప్ప.

ఆసుపత్రులకూ లాడ్జీలకూ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉతికే పెద్ద రేకుల షెడ్డు అది. ఒక చివర నాలుగు ఉతుకు యంత్రాలు, మధ్యలో ఆరబెట్టే డ్రమ్ములు, రెండో చివర వేడి రోలర్లు. రోలర్ల కిందనుంచి కాగుతూ వచ్చే దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని, ఎదురొచ్చి, వెనక్కి జరిగి, మళ్లీ ఎదురొచ్చి మడతపెట్టాలి. వదిన పని అదే. పదేళ్లుగా ఆమెకు ఎదురు నిలబడేది ఒకావిడే. మాటకు ముందు నవ్వు వచ్చే మనిషి. వీళ్లిద్దరినీ విడివిడిగా ఎవరూ చూడకపోవడంతో ఆమెకు జోడీ అనే పేరు పడింది.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి మూడో యంత్రం ఆగిపోయింది. అన్న వచ్చి, వెనక రేకు విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. ఆ యంత్రం తలుపు దగ్గర రబ్బరు అరిగి నాలుగు రోజులుగా నీళ్లు కారుతున్నాయి. నేలంతా తడి. ఆయన కాళ్లకున్నవి పాత హవాయి చెప్పులు. మెయిన్ స్విచ్ ఆపమని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లలో ఏనాడూ చెప్పలేదు. "కరెంటుకి నేనంటే భయం" అనేవాడు, అందరూ నవ్వేవారు.

బాయిలరు మనిషి పరుగెత్తి మెయిన్ లాగేసరికి ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. వదిన చేతిలో దుప్పటి కొస వదిలేసి వచ్చింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఎవరో నీళ్లు తెస్తే నోట్లో పోసింది, అవి చెంపల మీదుగా జారిపోయాయి. ఇద్దరు అరిపాదాలు రుద్దారు. ఒకరు అట్టముక్కతో విసిరారు. ఆయన ఒకసారి నోరు తెరిచి, గురక పెట్టినట్టు గాలి లోపలికి లాగాడు. కాసేపటికి మళ్లీ లాగాడు. "ఊపిరుంది, ఊపిరుంది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. వదిన కూడా అలాగే అనుకుంది. ఊపిరుందిగా, ఇంకేం ఫరవాలేదు అనుకుంటూ నుదురు నిమురుతూ కూర్చుంది. దుప్పట్ల వ్యాను లోడు దింపి వచ్చేదాకా పదిహేను నిమిషాలు అలా కూర్చునే ఉంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసువాడు. కళ్లలో లైటు వేసి చూసి, చెవులకున్న గొట్టం తీసి మెళ్లో వేసుకుని అడిగాడు.

"పడిపోగానే ఎవరైనా ఛాతీ నొక్కారా అమ్మా?"

"పాదాలు రుద్దామండీ," అంది వదిన.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్కకి వెళ్లాడు. ఆ మంచం మీది దుప్పటి మూలన వాళ్ల లాండ్రీ గుర్తు ఉంది. దాన్ని తానే మడతపెట్టి ఉంటానని ఆమెకు అంత దుఃఖంలోనూ తోచింది.

ప్రమాదం మీద విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఆయన ముందు మాట్లాడటానికి అందరూ నీళ్లు నమిలారు. స్టోరు చూసే ఆయన మాత్రం నమల్లేదు. సబ్బుపొడి, సోడా, బ్లీచింగు బస్తాల మధ్య ఒంటరిగా కూర్చునే మనిషి. పిడికెడు పొడి ఎక్కువ అడిగితే ముఖం మాడ్చుకునే మనిషి. ఆయన్ని స్టోరాయన అనేవారు. "స్విచ్ ఆపకుండా చెయ్యి పెట్టాడు. తప్పు అతనిదే. యంత్రం ఏం చేస్తుంది?" అన్నాడు స్టోరాయన. అది వదిన ఎదురుగానే అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే అది ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

పనివాళ్లకు ప్రథమ చికిత్స నేర్పించి తీరాలని అధికారి రాసిపెట్టి వెళ్లాడు. ఏడు నెలలు గడిచాక యజమానికి అది గుర్తొచ్చింది. రిటైరైన నర్సు ఒకామె ఒక మధ్యాహ్నం షెడ్డుకు వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి. గొంతు మాత్రం కొత్త కత్తెరలా ఉంది. పెద్ద సంచిలోంచి నడుము వరకే ఉన్న రబ్బరు బొమ్మను తీసి బల్ల మీద పడుకోబెట్టింది.

వదిన వెళ్లింది ఏదో నేర్చుకుందామని కాదు. రెండు గంటలు కూర్చోవచ్చు, అంతే. రోలర్ల ముందు నిలబడీ నిలబడీ ఆమె పాదాలు సాయంత్రానికి రొట్టెల్లా పొంగేవి.

"దీనికి కాళ్లు లేవేంటమ్మా?" అన్నాడు బాయిలరు మనిషి.

"మీరు నొక్కే నొక్కుడుకి లేచి పారిపోకుండా," అంది జోడీ. అందరూ నవ్వారు.

నర్సమ్మ నవ్వలేదు. మొదట మీరు బతకండి, తర్వాతే పక్కవాణ్ణి బతికించండి అంది. కరెంటు తగిలినవాణ్ణి ముట్టుకోబోయే ముందు మెయిన్ ఆపాలి. భుజాలు తట్టి పిలవాలి. పలకకపోతే ఛాతీ లేస్తోందో లేదో చూడాలి. ఒకరు ఫోను చెయ్యాలి, ఒకరు గేటు దగ్గర నిలబడాలి. మూడోవాళ్లు అరచెయ్యి మీద అరచెయ్యి వేసి, రొమ్ము ఎముక మధ్యలో, మోచేతులు వంచకుండా రెండంగుళాలు దిగేలా నొక్కాలి. నిమిషానికి నూరు తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి.

"అందరూ పొరబడే చోటొకటి ఉంది, చూడండి," అని నర్సమ్మ నోరు తెరిచి గొంతులో గురకలాంటి చప్పుడు చేస్తూ గాలి లాగింది. ఆగింది. మళ్లీ లాగింది. "ఇది చూసి ఊపిరుందనుకుంటారు. ఇది ఊపిరి కాదు. గుండె ఆగినప్పుడు గొంతులోంచి వచ్చే చప్పుడిది. ఇది వినపడిందంటే వెంటనే నొక్కాలి."

ఎవరూ వదిన వైపు చూడలేదు. చూడకూడదని అందరికీ ఒక్కసారే తోచడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. లేచి పంపు దగ్గరికి వెళ్లి, కట్ట మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. డాక్టరు అడిగిన ప్రశ్నకు అర్థం ఏడు నెలలు ఆలస్యంగా అందింది. పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ తన రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. నుదురు నిమురుతున్నాయి.

క్లాసు అయ్యాక నర్సమ్మ బొమ్మను తడిగుడ్డతో తుడుస్తుంటే వదిన దగ్గరికి వెళ్లింది.

"కరెంటు తగిలినవాళ్లకి ఇది పనిచేస్తుందా అమ్మా?"

"వాళ్లకే ఎక్కువ పనిచేస్తుంది. గుండె మంచిదే ఉంటుంది కదా, దెబ్బకి ఆగుతుంది అంతే." నర్సమ్మ అప్పుడు తలెత్తి ఆమె ముఖం చూసింది. "నీ వాళ్లెవరైనా?"

"మా ఆయన. నేను పక్కనే ఉన్నాను. నొక్కి ఉంటే బతికేవాడా?"

నర్సమ్మ బొమ్మను సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"బతికేవాడనీ చెప్పలేను, బతికేవాడు కాదనీ చెప్పలేను. ఏది చెప్పినా అబద్ధమే. నేర్చుకోవాలనుంటే శనివారం మా ఇంటికి రా."

ఆమె వెళ్లింది. ఒక శనివారం కాదు, ఆ ఏడాదంతా వెళ్లింది. రక్తం కారుతుంటే ఎక్కడ అదిమి పట్టాలో, గొంతులో ముద్ద అడ్డంపడితే వెనకనుంచి ఎలా పట్టుకోవాలో, కాలిన చోట ఎంతసేపు చల్లనీళ్లు పొయ్యాలో నేర్చుకుంది. ఊరట దొరుకుతుందని కాదు. నేర్చుకునే ప్రతి ముక్కా ఆ మంగళవారం మీదికి వేలెత్తి చూపేది. నోట్లో నీళ్లు పోయకూడదు. పోసింది. తల ఎత్తి ఒళ్లో పెట్టుకోకూడదు. పెట్టుకుంది. అయినా వెళ్లేది. పుండుని గిల్లుకోవడం మానలేని మనిషిలా వెళ్లేది.

ఇంట్లో ఆమె, అత్తగారు ఇద్దరే. ఒకరోజు వదిన మంచం మీద దిండు పెట్టుకుని, మోచేతులు వంచకుండా నొక్కుతూ లెక్కపెడుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ దిండేం చేసిందే నిన్ను?"

"క్లాసులో నేర్పారత్తయ్యా. గుండె ఆగితే ఇట్లా నొక్కాలంట."

అత్తగారు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. చాలాసేపు దిండు వంకే చూసింది.

"మనవాడికి ఎవరూ నొక్కలేదా?"

వదిన చేతులు దిండు మీదే ఉన్నాయి.

"ఆయనకి నొక్కినా లాభం లేదంట. కరెంటు కదా."

"అంతేలే," అంది అత్తగారు. "కరెంటు కదా." కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజునుంచి ముసలామెకు కొంచెం ముద్ద దిగడం మొదలైంది. చుట్టుపక్కల ఆడవాళ్లతో కూడా అదే చెప్పేది, ఎవరూ ఏమీ చెయ్యగలిగేది లేదంట అని. ఆ మాట విన్నప్పుడల్లా వదినకు అన్నం సయించేది కాదు. అబద్ధం ఒకరికి మందయింది, ఇంకొకరికి జబ్బయింది. ముసలామె పోయేదాకా ఆమె దాన్ని దిద్దలేదు.

అన్న పోయిన మూడో ఏడు, మధ్యాహ్నం భోజనాల వేళ, స్టోరు గదిలోంచి ఏదో బరువైనది పడ్డ చప్పుడైంది. బస్తా జారిందనుకున్నారు. డబ్బా కడగడానికి లేచిన జోడీ ఆ గదిలోకి తొంగిచూసి, "వదినా" అని ఒక్క కేక పెట్టింది.

స్టోరాయన సోడా బస్తాల మధ్య పక్కకి ఒరిగి ఉన్నాడు. ముఖం బూడిదరంగుకి తిరిగింది. వదిన ఆయన్ని నేల మీదికి లాగి వెల్లకిలా పడుకోబెట్టింది. భుజాలు తట్టి పిలిచింది. పలకలేదు. అంతలో ఆయన నోరు తెరుచుకుని, గురకలాంటి చప్పుడుతో ఒక్కసారి గాలి లోపలికి పోయింది.

"ఊపిరుంది వదినా," అంది జోడీ.

"అది ఊపిరి కాదు. ఫోన్ చెయ్. బాబాయ్, నువ్వు గేటు దగ్గరికి పో."

చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదో నొక్కుకో పదకొండో నొక్కుకో అరచేతి కింద ఎండుపుల్ల విరిగినట్టు చిటుక్కుమంది. పక్కటెముక. విరగొచ్చని నర్సమ్మ చెప్పింది, విరిగినా ఆపకూడదనీ చెప్పింది. బొమ్మకు ఎముకలుండవు. ఆమె ఆపలేదు. రెండు నిమిషాలకొకసారి జోడీ మారేది. జోడీ నొక్కుతుంటే "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటూ వదిన పక్కనుంచి లెక్క చెప్పేది. అంబులెన్సు వచ్చేసరికి పదిహేడు నిమిషాలైంది. వాళ్లు ఛాతీకి అట్టలాంటివి అంటించి రెండుసార్లు షాకు ఇచ్చారు. రెండోదాని తర్వాత మణికట్టు పట్టుకుని చూసిన కుర్రాడు తలూపాడు.

మర్నాడు యజమాని అందరినీ పిలిచి ఆమెకు శాలువా కప్పాడు. ఫొటో తీసి ఆఫీసు గోడకు పెట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన నిలబడింది, నవ్వమంటే నవ్వింది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతోంది. నొక్కుతున్నంతసేపూ అంకెలు తప్ప ఏమీ గుర్తులేదు. అంతా అయ్యాకే గుర్తొచ్చింది, తన చేతుల కింద ఉన్నది ఎవరో. తప్పు అతనిదే, యంత్రం ఏం చేస్తుంది అన్నవాడు. ఈ చేతులకు చాతనైన విద్య అందాల్సినవాడికి అందకుండా ఈయనకు అందింది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడ్డా ఆలోచన పోలేదు.

నలభై రోజులకు స్టోరాయన ఇల్లు చేరాడని తెలిసి, జోడీ పోరు పడలేక చూడటానికి వెళ్లింది. రెండు గదుల వాటా. పిల్లలు లేరు, ఆయనా భార్యా. స్టోరాయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. జారిపోకుండా నడుముకి తువ్వాలు కట్టారు. కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. వదినను చూసి, "ఇవాళ ఏం వారం?" అన్నాడు. చెప్పింది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోపు మళ్లీ అదే అడిగాడు. తర్వాత ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టాడు. కారణమేమీ లేదు. మెదడుకి గాలి అందక అలా అయిందని డాక్టర్లు అన్నారట.

ఆయన భార్య యాభై దాటిన మనిషి. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో. ఆయన కళ్లు తుడిచి వచ్చి వదిన ఎదురుగా కూర్చుంది.

"నువ్వేనా నొక్కింది?"

"అవునక్కా."

"అందరూ నీకు దణ్ణం పెట్టమంటున్నారు. నువ్వు బతికించి వెళ్లిపోయావు. మోసేది నేను. పొద్దున్నుంచి నాలుగుసార్లు గుడ్డలు మార్చాను. నేనెవరో ఒకపూట తెలుస్తుంది, ఒకపూట తెలీదు. నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో నాకే తెలీట్లేదు."

వదిన అక్కణ్ణించి తిన్నగా నర్సమ్మ ఇంటికి వెళ్లింది.

"ఇలా అవుతుందని మీరు చెప్పలేదు."

"చెప్పలేదు," అంది నర్సమ్మ. "చెబితే ఎవరు నొక్కుతారు?"

"తెలిస్తే నేనూ..." అని వదిన ఆగిపోయింది.

"ఆ, చెప్పు. నువ్వూ చూస్తూ నిలబడేదానివా?" నర్సమ్మ గొంతులో కత్తెర మొద్దుబారింది. "కొందరు లేచి నడిచిపోతారమ్మా. కొందరు అసలు లేవరు. కొందరు ఇలా మిగులుతారు. చెయ్యి పెట్టేటప్పుడు ఏ మనిషి ఏమవుతాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నలభై ఏళ్లు చేశాను, నాకింతవరకు తెలీలేదు."

ఆ తర్వాతి ఆదివారం వదిన మళ్లీ స్టోరాయన ఇంటి తలుపు తట్టింది.

"ఏంటి, పాపం కడుక్కుందామని వచ్చావా?" అంది ఆయన భార్య.

"కాదక్కా. ఆదివారం నాకు పనేం లేదు. మీరు కాసేపు పడుకోండి."

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. తర్వాత రెండో గదిలోకి వెళ్లి, తలుపు కూడా వేసుకోకుండా పడుకుంది. ఐదు గంటలు కదల్లేదు. మధ్యలో వదిన రెండుసార్లు గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆవిడ వీపు లేచి పడుతోందో లేదో చూసి వచ్చింది.

అలా రెండేళ్లు ఆదివారాలు అక్కడే గడిచాయి. ముద్దలు చిన్నవిగా చేసి తినిపించేది, గడ్డం గీసేది, గోళ్లు తీసేది. ఆయన ఆమెను ఒక్కోసారి చెల్లెలనుకునేవాడు, ఒక్కోసారి ఎవరు నువ్వు అని గద్దించేవాడు. ఒకరోజు ఏ మబ్బు విడిందో, "మీ ఆయన మంచి పనివాడు" అన్నాడు స్పష్టంగా. ఆ తర్వాత ఇంకేమైనా అంటాడేమోనని ఆమె చెంచా పట్టుకుని చూసింది. "ఇవాళ ఏం వారం?" అన్నాడు.

ఆ రెండేళ్లలోనే నర్సమ్మకు మోకాళ్లు అరిగి, క్లాసులు వదిన మీద పడ్డాయి. బొమ్మ సంచి భుజాన వేసుకుని మిల్లులకు, బళ్లకు వెళ్లేది. అంతా నేర్పాక చివర్లో స్టోరాయన సంగతి చెప్పేది. వద్దని నర్సమ్మ చాలాసార్లు కసిరింది. చెప్పిన ప్రతిచోటా ఒకరో ఇద్దరో ముఖం చిట్లించి లేచిపోయేవారు. మిగిలినవాళ్లు మిగిలేవారు.

స్టోరాయన పోయింది ఒక బుధవారం సాయంత్రం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి నెలరోజులు ఆసుపత్రిలో ఉంచాక, ఇక చేసేదేం లేదు, ఇంట్లోనే ఉంచుకోండని పంపేశారు. గుండె ఆగితే మళ్లీ నొక్కవద్దని భార్య, డాక్టరు ముందే మాట్లాడుకున్నారు. వదిన పని దిగి వచ్చేసరికి ఆవిడ మంచం పక్కన ఉంది. ఆయన నోరు తెరిచి గాలి లాగాడు. ఆ చప్పుడు. వదిన తనకు తెలియకుండానే మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. అరచెయ్యి మీద అరచెయ్యి పడింది.

ఆవిడ ఆ చేతులు రెండూ పట్టుకుంది.

"వద్దమ్మాయ్. వదిలెయ్. చాలా అలిసిపోయాడు."

చేతులు ఆగాయి. వేళ్లు వాటంతట అవే లెక్కపెడుతున్నట్టు అదిరాయి. ఆవిడ వాటిని తన ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఆయన ఇంకోసారి గాలి లాగాడు. చాలాసేపు ఆగి ఇంకోసారి. తర్వాత ఏమీ లేదు. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. వదిన అప్పుడు ఏడ్చింది. ఎవరికోసమని అడిగితే చెప్పలేకపోయేది. ఆవిడ అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆదివారం వచ్చింది. ఎనిమిదయ్యేసరికి వదిన చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చేసింది. సగం దూరం నడిచాక ఎక్కడికి వెళ్తున్నానా అనుకుని ఆగింది. ఆగి, మళ్లీ నడిచింది.

తలుపు తీసిన ఆవిడ జుట్టు దువ్వుకుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏం, అలవాటు తప్పలేదా?"

"లేదక్కా."

"నాకూ నిద్ర పట్టట్లేదు," అంది ఆవిడ. "రా, లోపలికి రా."